రెండు జబాన్ల ఇల్లు

దిల్‌సుఖ్‌నగర్ పోయే బస్సులో కండక్టరు ‘మూసారాంబాగ్, మూసారాంబాగ్’ అని అరుస్తాడు. దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు. ఆ మూసారాం ఎవరో ఎవరికీ పట్టదు. ఆయన రామూ కాదు, రహీమూ కాదు. రేమండ్. ఫరాసు దొర. రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ ఫౌజులో ఫ్రెంచి పటాలాలకు సర్దారు. హిందువులు ఆయన్ని మూసా రాం అన్నారు, మావాళ్ళు మూసా రహీం అన్నారు. 1798లో చనిపోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి కట్టారు. ఆ ఏడాదే ఇంగ్లీషువాళ్ళు నిజాం మెడలు వంచి ఆయన దళాలను రద్దు చేయించారు. దక్కన్‌లో ఫ్రెంచివాళ్ళ కథ అంతటితో సరి.

అంతకు నలభై ఏళ్ళ ముందే బందరులో వాళ్ళ కథ ముగిసింది. బందరులో ఇప్పటికీ ఫరాసుపేట ఉంది, ఫరాసులు లేరు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ళు బందరు కోటను ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి గుంజుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 13న సముద్రాలకు అవతల, కెనడాలోని క్యూబెక్ నగరం గోడల పక్క మైదానంలో ఇంగ్లీషు సైన్యం, ఫ్రెంచి సైన్యం తలపడ్డాయి. రెండు వైపులా సేనాపతులు చచ్చారు. గెలుపు ఇంగ్లీషువాళ్ళది. ఇదీ అదీ ఒకే యుద్ధం. 1763లో పారిస్‌లో సంధి జరిగింది. ఫ్రాన్సుకు పాండిచ్చేరి, యానాం వంటి స్థావరాలు తిరిగి వచ్చాయి. కెనడా పోయింది. మన యానాంలో 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరిందంటే ఆ కాగితం పుణ్యమే.

అయితే ఒక తేడా ఉంది. మన దగ్గరున్న ఫ్రెంచివాళ్ళు సిపాయిలు, వర్తకులు. ఓడిపోతే ఓడెక్కి పోయారు. కెనడాలో అలా కాదు. అక్కడ అరవై వేలకు పైగా జనం, నదివెంట పొలాలు చేసుకుంటూ, చర్చీలు కట్టుకుని, నాలుగైదు తరాలుగా బతుకుతున్నారు. రాజు పోయాడు, గవర్నరు పోయాడు, డబ్బున్నవాళ్ళు కొందరు పోయారు. రైతు ఎక్కడికి పోతాడు? పొద్దున లేచేసరికి రాజ్యం భాష మారిపోయింది. ఇంటి భాష ఇంట్లోనే ఉంది.

ఆ పొద్దు ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కరలేదు. 1948 సెప్టెంబరు తర్వాత మా తాతలు చూశారు. కాబట్టే కెనడా సంగతి మేం పరాయిదిగా చదవలేకపోతున్నాం. పైగా మేం రెండు భాషల్లో రాసి పొట్టపోసుకునేవాళ్ళం. తెలుగు పత్రికలో పనిచేస్తుంటే ‘మీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చింది?’ అని మెచ్చుకున్నట్టు అడుగుతారు. మేం ఈ నేలలో పుట్టాం, వీధి బళ్ళో అఆలు దిద్దాం, ఇంకెట్లా వస్తుంది? ఉర్దూ పత్రికకు పోతే అక్కడా ఒక పెద్దాయన మా షీన్-కాఫ్ సరిచేసి ‘దేహాతీ ఉర్దూ’ అని నవ్వుతాడు. రెండు భాషలు ఒకే ఇంట్లో ఎట్లా కాపురం చేస్తాయి, ఎప్పుడు కొట్టుకుంటాయి, ఎప్పుడు చెంబెడు నీళ్ళు ఇచ్చుకుంటాయి అనేది మాకు పుస్తకాల్లో సంగతి కాదు.

గెలిచినవాళ్ళు మొదట కాస్త తెలివిగానే నడిచారు. 1774 క్యూబెక్ చట్టం ఫ్రెంచివాళ్ళ ఆస్తి, వారసత్వ చట్టాలను అలాగే ఉంచింది, క్యాథలిక్కులకు ఉద్యోగాలిచ్చింది. దక్షిణాన అమెరికా కాలనీలు తిరగబడేలా ఉన్నాయి, ఈ జనాన్ని పోగొట్టుకోకూడదు. అది దయ కాదు, లెక్క. 1837, 38లో తిరుగుబాట్లు జరిగాయి. ఆ రోజుల్లోనే లండన్ నుంచి డర్హాం ప్రభువు వచ్చి వెళ్ళి 1839లో నివేదిక రాశాడు. ఫ్రెంచి కెనడియన్లకు చరిత్ర లేదు, సాహిత్యం లేదు, వాళ్ళను ఇంగ్లీషువాళ్ళలో కలిపేయడమే వాళ్ళకు మేలు అన్నాడు. ఒక జాతికి చరిత్ర లేదని కలంపోటుతో తేల్చేసే దొరలు ప్రతి దేశంలోనూ ఉంటారు కాబోలు. 1840 చట్టంతో రెండు కెనడాలనూ కలిపి, శాసనసభ కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలన్నారు. ఫ్రెంచివాళ్ళు మాత్రం చరిత్రలు రాసుకున్నారు. ‘నాకు గుర్తుంది’ అనేది క్యూబెక్ రాష్ట్ర నినాదం. 1978 నుంచి వాళ్ళ కార్ల నంబరు ప్లేట్ల మీద అదే.

ఇక్కడే మాకు బాగా నచ్చిన ఘట్టం వస్తుంది. లూయీ లాఫోంతెన్ అని ఫ్రెంచి లాయరు, సంస్కరణవాది. 1841 ఎన్నికల్లో సొంత నియోజకవర్గంలో పోటీకి దిగాడు. ఆ రోజుల్లో ఓటు చాటుగా వేసేది కాదు, నలుగురిలో నోటితో చెప్పేది. పోలింగు పెట్టింది ఇంగ్లీషు ఊళ్ళో. దుడ్డుకర్రలతో గూండాలు కాపు కాశారు. రక్తపాతం ఎందుకని లాఫోంతెన్ పోటీ నుంచి తప్పుకున్నాడు. అప్పుడు టొరంటో నుంచి రాబర్ట్ బాల్డ్విన్ కబురు పంపాడు. ఈయన ఇంగ్లీషువాడు, ప్రొటెస్టెంటు, ఫ్రెంచి ముక్క రాదు. రెండు చోట్ల గెలిచాడు. అందులో యార్క్ సీటు నీకిస్తాను, వచ్చి నిలబడు అన్నాడు. ఆ ఊళ్ళలో ఉన్నది ఇంగ్లీషు రైతులు. వాళ్ళ ముందు ఓ ఫ్రెంచి క్యాథలిక్కును నిలబెట్టారు. గెలిపించారు. రెండేళ్ళు తిరక్కుండానే బాల్డ్విన్ తన సీటు పోగొట్టుకున్నాడు. ఈసారి లాఫోంతెన్ వంతు. క్యూబెక్ తూర్పున నది ఒడ్డున రిముస్కీ. ఊరంతా ఫ్రెంచే. 1843లో అక్కడ ఇంగ్లీషు బాల్డ్విన్ గెలిచాడు.

1842లో లాఫోంతెన్ సభలో ఫ్రెంచిలో మాట్లాడబోతే ఒక సభ్యుడు ఇంగ్లీషులో మాట్లాడమన్నాడు. నాకు ఇంగ్లీషు ఫ్రెంచి అంత బాగా వచ్చినా సరే నా మొదటి ప్రసంగం నా జనం భాషలోనే చేస్తానని ఆయన జవాబు. బాల్డ్విన్ మరో పని చేశాడు. తన కూతుళ్ళను క్యూబెక్‌లోని ఫ్రెంచి కాన్వెంటుకు చదువుకు పంపాడు. తాను నేర్చుకోలేకపోయింది పిల్లలకైనా రావాలని. రాజకీయాల్లో పొత్తులు చాలా చూశాం గానీ, పొత్తు కోసం ఇంటి ఆడపిల్లల్ని అవతలివాళ్ళ భాష బడికి పంపినవాడు మాకు తెలిసి అరుదు. 1848లో ఇద్దరూ కలిసి ప్రభుత్వం నడిపారు. ఫ్రెంచి మీద నిషేధాన్ని లండన్ ఎత్తేసింది. 1849 జనవరిలో గవర్నరు ఎల్గిన్ సభలో రెండు భాషల్లోనూ చదివాడు.

అంతా సుఖంగా ముగిసిందని రాస్తే బాగుండేది. అదే ఏడాది ఏప్రిల్ 25న మాంట్రియల్‌లో ఇంగ్లీషు అల్లరిమూక పార్లమెంటు భవనాన్నే తగలబెట్టింది. తిరుగుబాటు రోజుల్లో నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇచ్చే చట్టం మీద కోపం. గ్రంథాలయంలో పుస్తకాలు వేలకు వేలు బూడిదయ్యాయి. లాఫోంతెన్ ఇంటి మీదా పడ్డారు.

రెండేళ్ళు వెనక్కి వెళ్దాం. 1847. ఐర్లాండు కరువు. ఓడలనిండా ఆకలిజనం క్యూబెక్ దగ్గర గ్రోస్ ఈల్ అనే చిన్న దీవిలో దిగారు. టైఫస్ జ్వరం. ఆ ఒక్క దీవిలోనే ఐదు వేల మందికి పైగా పూడ్చారు. తల్లిదండ్రులు పోయిన పిల్లలు వందల్లో మిగిలారు. ఫ్రెంచి పల్లెల్లో పాస్టర్లు పిలుపిస్తే రైతులు బండ్లు కట్టుకుని వచ్చి పిల్లలను తీసుకుపోయారు. ఆ పిల్లలకు ఫ్రెంచి రాదు, వాళ్ళకు ఇంగ్లీషు రాదు. చాలామంది పిల్లలు తమ ఐరిష్ ఇంటిపేర్లతోనే ఫ్రెంచి ఇళ్ళలో పెరిగారు. అందుకే ఇప్పటికీ క్యూబెక్‌లో ర్యాన్‌లు, జాన్సన్‌లు ఉంటారు, నోరు తెరిస్తే ఫ్రెంచి వస్తుంది.

ఒకే మతం కాబట్టి దగ్గరికి తీశారు అంటారు. నిజమే, ఇద్దరూ క్యాథలిక్కులే. మతం ఉన్నచోట భాష అడ్డం రాదు అని మా మజ్లిసుల్లో కూడా చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళకు మేం తర్వాతి కథ చెబుతుంటాం. 1912లో ఒంటారియో ప్రభుత్వం పదిహేడో నిబంధన తెచ్చింది. బళ్ళలో ఫ్రెంచి మొదటి రెండేళ్ళే, ఆపైన అంతా ఇంగ్లీషు. దాన్ని గట్టిగా సమర్థించినవాళ్ళలో ఒకాయన ఫాలన్. ఆయన ఐరిష్ వంశంవాడు, క్యాథలిక్ బిషప్. అదే మతం, అదే పూజ, అదే పోపు. ఒట్టావాలో గీగ్ బడి అని ఒకటి. ఇద్దరు అక్కచెల్లెళ్ళు దెలోజ్ టీచర్లు నిబంధన ధిక్కరించి ఫ్రెంచిలో పాఠాలు చెబుతున్నారు. 1916 జనవరిలో వాళ్ళను పట్టుకోవడానికి పోలీసులు వచ్చేసరికి తల్లులు గుమ్మాల్లో నిలబడ్డారు. చేతుల్లో ఏముంది? టోపీకి గుచ్చుకునే పొడవాటి పిన్నులు, కత్తెరలు, అప్పడాల కర్రలు. పోలీసులు వెనక్కి పోయారు. 1927 నాటికి ఆ నిబంధన నీరుకారింది. ఒంటారియో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది మాత్రం 2016లో. వందేళ్ళకు.

ఒకే కల్మా చదివేవాళ్ళు కూడా భాష దగ్గర తుపాకి పేల్చుకున్నారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకా వీధుల్లో పడ్డ పిల్లలు ముస్లింలే, పేల్చిన ప్రభుత్వమూ ముస్లింలదే. బంగ్లా మాట్లాడేవాళ్ళ మీద రుద్దింది మా ఉర్దూనే. ఉర్దూను ప్రేమించేవాళ్ళం కాబట్టే ఈ సంగతి మేం దాచుకోం.

పశ్చిమాన కథ వేరు. మానిటోబా రాష్ట్రం పుట్టినప్పుడు, 1870లో, రెండు భాషలకూ హామీ ఉంది. ఆ రాష్ట్రం పుట్టడానికి కారణమైన మేటీ నాయకుడు లూయీ రియేల్‌ను 1885లో ఉరి తీశారు. 1890లో ఫ్రెంచిని తీసేశారు. తొంభై ఏళ్ళు అలాగే గడిచాయి. తర్వాత జార్జ్ ఫారెస్ట్ అనే ఆయనకు పార్కింగు జరిమానా చీటీ వచ్చింది. ఇంగ్లీషులో మాత్రమే ఉంది. కట్టనన్నాడు. కోర్టులు ఎక్కాడు. 1979లో సుప్రీంకోర్టు 1890 చట్టమే చెల్లదంది. 1985లో మరో మెట్టెక్కి, ఇంగ్లీషులో మాత్రమే చేసిన ఆ రాష్ట్రం చట్టాలన్నీ చెల్లవు, తర్జుమా అయ్యేదాకా తాత్కాలికంగా నడవనిస్తున్నాం అంది. ఒక చీటీ నుంచి రాష్ట్రం చట్టాలన్నిటికీ తర్జుమా! మా తర్జుమా బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆ గుమాస్తాలను తలుచుకుంటాం.

ఇక మాంట్రియల్. ఫ్రెంచి జనం ఎక్కువున్న నగరం, కానీ బ్యాంకులు, రైళ్ళు, మిల్లులు, పెద్ద దుకాణాలు ఇంగ్లీషువాళ్ళవి. దుకాణంలో ఫ్రెంచిలో అడిగితే ‘స్పీక్ వైట్’ అని ఛీత్కారం. తెల్లవాళ్ళలా మాట్లాడు అని. తెల్లవాళ్ళు తెల్లవాళ్ళనే అన్న మాట అది. 1968లో మిషెల్ లలోంద్ అనే కవయిత్రి ఆ తిట్టునే కవితకు పేరుగా పెట్టింది. 1963లో వేసిన రాయల్ కమిషన్ లెక్కలు తీస్తే తేలిందేమిటి? 1961 నాటికి క్యూబెక్‌లో సంపాదన ప్రకారం 14 జాతులవాళ్ళను వరసబెడితే ఫ్రెంచివాళ్ళది 12వ స్థానం. వాళ్ళ కింద ఇటాలియన్లు, ఆదివాసులు. సొంత ఇంట్లో, జనంలో ఎక్కువమంది తామే అయివుండి!

లెక్కలకన్నా ముందే కోపం వీధికెక్కింది. మారిస్ రిషార్ అని హాకీ ఆటగాడు, మంచు హాకీ, ఫ్రెంచివాళ్ళకు ప్రాణం. 1955 మార్చిలో ఆటలో గొడవపడ్డాడని లీగు అధ్యక్షుడు క్యాంప్‌బెల్ ఆ సీజనంతా ఆడొద్దన్నాడు. క్యాంప్‌బెల్ ఇంగ్లీషువాడు. మార్చి 17న ఆయనే ఆట చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. కోడిగుడ్లు, టొమాటోలు, బాష్పవాయువు, తర్వాత రాత్రంతా బజారులో అద్దాలు పగిలాయి. మర్నాడు రిషార్ రేడియోలో మాట్లాడి జనాన్ని శాంతించమన్నాడు. ఆ రిషార్ జెర్సీ కోసం ఏడ్చే పల్లెటూరి పిల్లాడి కథను రోక్ కారియే 1979లో రాశాడు. తల్లి ఈటన్స్ కంపెనీ ఇంగ్లీషు ఫారం నింపడం ఇష్టంలేక ఫ్రెంచిలో ఉత్తరం రాస్తుంది, కంపెనీవాళ్ళు ఎదుటి టొరంటో జట్టు జెర్సీ పంపుతారు. నవ్వుతూ చదివే కథ. ఇంగ్లీషు పిల్లలు కూడా అనువాదంలో చదివి సొంతం చేసుకున్నారు. కొన్నేళ్ళపాటు కెనడా ఐదు డాలర్ల నోటు వెనక అందులో వాక్యాలు రెండు భాషల్లో అచ్చయ్యాయి.

అసలు పోరు బడి దగ్గర జరిగింది. ఈ భాగం మావాళ్ళు కాస్త నిదానంగా చదవాలి. క్యూబెక్‌లో బళ్ళను మతం ప్రకారం విడదీశారు. క్యాథలిక్ బళ్ళు, ప్రొటెస్టెంటు బళ్ళు. క్యాథలిక్ బళ్ళు ఎక్కువగా ఫ్రెంచి, ప్రొటెస్టెంటువి ఇంగ్లీషు. మరి యూదులు వస్తే? 1903లో చట్టం చేసి, చదువు విషయంలో యూదు పిల్లలను ప్రొటెస్టెంట్ల కింద జమకట్టారు. యూదు పిల్లవాడు ఇంగ్లీషు నేర్చాడు. గ్రీకు ఆర్థడాక్సువాళ్ళు వచ్చినా అదే దారి. ఫ్రెంచి బడి తలుపు మీద శిలువ ఉంది, లోపలికి రానివ్వలేదు. రెండు తరాల తర్వాత అదే ఫ్రెంచి నాయకులు ‘వలస వచ్చినవాళ్ళంతా ఇంగ్లీషులో కలిసిపోయారు, మన భాషను ఖాతరు చేయరు’ అన్నారు. తలుపు వేసింది ఎవరు, రాలేదని నింద ఎవరి మీద? బళ్ళను మతం నుంచి విడదీసి భాష ప్రకారం పెట్టింది 1998లోనే.

ఇటాలియన్లు క్యాథలిక్కులే అయినా ఇంగ్లీషే కోరుకున్నారు. అన్నం పెట్టేది ఇంగ్లీషు అని వాళ్ళకు తెలుసు. మన దగ్గర రిక్షా తొక్కే మనిషి కూడా అప్పుచేసి పిల్లను ఇంగ్లీషు మీడియంలో వేయడం లేదా? మాంట్రియల్ పక్క సెయింట్ లెనార్డ్‌లో బడి బోర్డు వాళ్ళ పిల్లలకు ఇక ఫ్రెంచి ఒక్కటే అంది. 1969 సెప్టెంబరులో వీధుల్లో కొట్లాటలు జరిగాయి. 1974లో ఫ్రెంచిని అధికార భాషగా ప్రకటించి, ఇంగ్లీషు బడిలో చేరాలనుకునే వలస కుటుంబాల పసిపిల్లలకు భాషా పరీక్ష పెట్టారు. ఐదారేళ్ళ పిల్లలకు! 1977 ఆగస్టులో వచ్చిన 101వ చట్టం ఆ పరీక్షను తీసేసి సూటిగా చెప్పింది. వలసవాళ్ళ పిల్లలు ఫ్రెంచి బడికే పోవాలి. బోర్డులు ఫ్రెంచిలోనే ఉండాలి. పెద్ద కంపెనీల్లో పని ఫ్రెంచిలో జరగాలి. ఫ్రాన్సులో కూడా రోడ్డు మీద ‘స్టాప్’ అనే రాస్తారు. క్యూబెక్‌లో ‘ఆరె’ అని రాస్తారు. రాజుకన్నా రాజభక్తి అంటే ఇదే. ఇంగ్లీషువాళ్ళు లక్షకు పైగా ఐదేళ్ళలో మూటాముల్లె సర్దుకుని వేరే రాష్ట్రాలకు పోయారు. బోర్డుల మీద ఒక్క ఫ్రెంచే ఉండాలనడం తప్పని 1988లో సుప్రీంకోర్టు అంది. 1993కు వచ్చేసరికి ఫ్రెంచి పెద్దగా, ఇంగ్లీషు చిన్నగా రాసుకోవచ్చని సర్దుకున్నారు. అక్షరాల కొలత మీద ఇంత చరిత్ర!

101వ చట్టం లేకుంటే మాంట్రియల్‌లో ఫ్రెంచి వంటింటి భాషగా మిగిలేదని మా అభిప్రాయం. ఆ చట్టం కొందరిని ఉన్నఊళ్ళో పరాయివాళ్ళను చేసిందనేది కూడా మా అభిప్రాయమే. రెండూ నిజం కాకూడదని ఎక్కడుంది?

చట్టాలకన్నా ముందే ఒక చిన్న పని జరిగింది. సెయింట్ లాంబర్ట్, మాంట్రియల్‌కు నది అవతల. అక్కడి ఇంగ్లీషు తల్లులు కొందరు, పక్కింటివాళ్ళతో రెండు మాటలు మాట్లాడలేకపోతున్నామే, మా పిల్లలైనా ఇట్లా కాకూడదు అనుకున్నారు. బళ్ళో చెప్పే ఫ్రెంచి నామ్‌కే వాస్తే. కాబట్టి ఒకటో తరగతికి ముందునుంచే చదువంతా ఫ్రెంచిలోనే చెప్పమని బోర్డును వేధించారు. బోర్డు మొదట పట్టించుకోలేదు. చివరికి ప్రయోగంగా ఒక్క తరగతి ఒప్పుకుంటే, 26 సీట్లు ఐదు నిమిషాల్లో నిండాయట. 1965 సెప్టెంబరు. మెగిల్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లాంబర్ట్ ఆ పిల్లలను ఏళ్ళతరబడి పరిశీలించి, ఇంగ్లీషు ఏమీ చెడలేదని రాశాడు. ఇప్పుడు కెనడా అంతటా నాలుగు లక్షలకు పైగా పిల్లలు ఆ పద్ధతిలో చదువుతున్నారు. గెలిచినవాళ్ళ తల్లులు ఓడినవాళ్ళ భాష కోసం బడి గుమ్మం దగ్గర నిలబడ్డారు. మన దగ్గర ఇట్లా ఎవరు నిలబడ్డారు?

ఈ ప్రశ్న మమ్మల్ని మేమే ముందు వేసుకోవాలి. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళు. కచేరీ భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియాలో చదువు ఉర్దూలో. ఒక హిందుస్తానీ భాషలో వైద్యం, ఇంజనీరింగు చెప్పడం గొప్పే, మేం గర్వపడతాం. కానీ పాలమూరు రైతుబిడ్డకు అదీ పరాయి భాషే. 1921లో హైదరాబాదులో సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఎగతాళి చేసినవాళ్ళు మా మతంవాళ్ళు కారు, మరాఠీవాళ్ళు. అయినా తెలుగుకు ఆ గతి పట్టించిన దర్బారు మాదనే అంటారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1948 తర్వాత బండి తిరగబడింది. దర్బారు పోయింది, దర్బారుతో ఏ సంబంధమూ లేని టాంగావాలా, చాకిరీ చేసుకునే బీబీ కూడా ‘నవాబుల భాష’ మాట్లాడేవాళ్ళయ్యారు. మాంట్రియల్ ఇంగ్లీషువాళ్ళకు బ్యాంకులైనా ఉండేవి.

మా దాదా దగ్గరికి రైతులు పాత సేత్వారు కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఉర్దూ రాత, గొలుసుకట్టు. ఆయన అద్దం పెట్టుకుని చదివి తెలుగులో చెప్పేవాడు. సర్వే నంబరు, పట్టాదారు పేరు, శిస్తు. డబ్బు తీసుకునేవాడు కాదు. ఎండాకాలం మామిడికాయలు వచ్చేవి, సంక్రాంతికి సకినాలు వచ్చేవి. అబ్బా కూడా చదివాడు. మేమూ కొన్ని చదివాం. ఇప్పుడు ఆ కాగితాలు తెచ్చేవాళ్ళు లేరు, కంప్యూటర్లు వచ్చాయి.

1995 అక్టోబరు 30. క్యూబెక్ విడిపోవాలా వద్దా అని రెండోసారి ఓటు. 1980లో దాదాపు 60 శాతం వద్దన్నారు. ఈసారి వద్దన్నవాళ్ళు 50.58 శాతం, కావాలన్నవాళ్ళు 49.42. ఓటు వేసినవాళ్ళు 93 శాతానికి పైనే. మూడు రోజుల ముందు దేశం నలుమూలల నుంచి వేలమంది మాంట్రియల్ వచ్చి ‘పోవద్దు’ అని జెండాలు ఊపారు. కొందరు ఫ్రెంచివాళ్ళు కరిగారు, కొందరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు వీళ్ళు అని మండిపడ్డారు. ఓడిన రాత్రి ముఖ్యమంత్రి పారిజో వేదికెక్కి, డబ్బూ, వలసజాతుల ఓట్లూ మమ్మల్ని ఓడించాయి అన్నాడు. మర్నాడు రాజీనామా ప్రకటించాడు. ఆయన అన్న ఆ రెండో ముక్క ఏ దేశంలో ఏ భాషలో విన్నా మాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఓట్ల లెక్కలో ‘వాళ్ళు’ అని వేలు చూపడం మాకు తెలిసిన విద్య. ఆ ఓటుకు వారం ముందు ఉత్తరాన క్రీ ఆదివాసులు తమ ఓటు తాము పెట్టుకున్నారు. 96 శాతం క్యూబెక్‌తో పాటు విడిపోమన్నారు. రెండు జాతులు కట్టిన దేశం అని ఇంగ్లీషు, ఫ్రెంచి పెద్దలు తగువులాడుతుంటే, మీరు రాకముందు ఈ ఇల్లు ఎవరిది అని అడిగేవాళ్ళు గడప దగ్గరే ఉన్నారు. ఆదివాసుల భాషలకు చట్టం వచ్చింది 2019లో.

తర్వాత క్యూబెక్ ఫ్రెంచి వచ్చినవాళ్ళనే ఏరి పిలుచుకుంది. అల్జీరియా, మొరాకో, ట్యునీషియా, గినీ, హైతీ. భాష కావాలన్నారు, భాష తెచ్చుకుని వచ్చారు. 2017 జనవరి 29 రాత్రి, ఇషా నమాజు ముగిసిన వేళ, క్యూబెక్ నగరం మసీదులోకి ఒకడు తుపాకితో వచ్చాడు. ఆరుగురు చనిపోయారు. ఇద్దరు గినీవాళ్ళు, ఇద్దరు అల్జీరియావాళ్ళు, ఒకరు మొరాకో, ఒకరు ట్యునీషియా. అందరూ ఫ్రెంచి నడిచే దేశాల నుంచి వచ్చినవాళ్ళే. చంపినవాడిదీ ఫ్రెంచే. మర్నాడు చలిలో వేలమంది కొవ్వొత్తులతో నిలబడ్డారు. అదీ రాయాలి. ముగ్గురి జనాజా నమాజు మాంట్రియల్‌లో మారిస్ రిషార్ పేరుతో ఉన్న హాకీ మైదానంలో జరిగింది. 2019లో 21వ చట్టం వచ్చింది. తలకు స్కార్ఫు కట్టుకునే అమ్మాయికి ఇక సర్కారు బళ్ళో కొత్తగా టీచరు ఉద్యోగం రాదు. ఫ్రెంచి ఎంత బాగా చెప్పినా. శిలువ తీశామని మూయడం ఆపలేదు ఆ తలుపును.

మా ఖాలా కొడుకు మాంట్రియల్‌లో ఉంటాడు. మా దేశాల నుంచి వెళ్ళిన చాలామందిలాగే ఇంగ్లీషుతో వెళ్ళి, సర్కారు పెట్టిన క్లాసులో ఫ్రెంచి నేర్చుకుంటున్నాడు. దుకాణాల్లో ‘బోంజూర్-హాయ్’ అని పలకరిస్తారట. రెండూ కలిపి, ఏది కావాలో నువ్వే తీసుకో అన్నట్టు. 2017లో క్యూబెక్ శాసనసభ ఒక్క ఓటు తేడా లేకుండా, ‘బోంజూర్’ ఒక్కటే అనండని తీర్మానం చేసింది. దుకాణాలవాళ్ళు విన్నవాళ్ళు విన్నారు. 2021 లెక్కల్లో క్యూబెక్‌లో రెండు భాషలూ వచ్చినవాళ్ళు 46 శాతం, మిగతా కెనడాలో పది శాతం కూడా లేరు.

మావాడి బాధ వేరు. రొట్టెల దుకాణంలో వీడు కూడబలుక్కుని ఫ్రెంచిలో అడుగుతాడు. అమ్మేవాడు వీడి యాస విని, కష్టపడుతున్నాడు పాపం అని ఇంగ్లీషులో జవాబిస్తాడు. వీడు పట్టు వదలక మళ్ళీ ఫ్రెంచి. అతను మర్యాద వదలక మళ్ళీ ఇంగ్లీషు. లఖ్నవూ స్టేషన్లో ఇద్దరు నవాబులు ‘పహలే ఆప్, పహలే ఆప్’ అనుకుంటుంటే రైలు పోయినట్టు. వెనక లైను పెరుగుతుంది. ‘చివరికి ఏ భాషలో కొన్నావురా?’ అని ఫోన్లో అడిగాం. ‘వేలు పెట్టి చూపించాను భాయ్’ అన్నాడు.